సముద్రానికి పత్రిక ఎవరిచ్చారు?

మా చెల్లెలి పెళ్లికి సముద్రం వచ్చింది. పిలవని పేరంటంగా వచ్చిందని బంధువులంతా అంటారు గాని, పిలిచినవాణ్ణి నేనే. పిలుస్తున్నట్టు నాకు తెలియదు, అంతే.

నేను కాకినాడలో ఒక బడిలో తెలుగు మాస్టర్ని. నాన్నగారు పోయాక చెల్లెలు రాజ్యం పెళ్లి నా చేతుల మీదుగానే జరిగింది. మగపెళ్లివారిది అనంతపురం వైపు. ఉద్యోగాల కోసం హైదరాబాదు చేరి, తార్నాకలో స్థిరపడ్డారు. ఇంటిల్లిపాదిలో సముద్రం చూసినవారు ఒక్కరూ లేరు. "మాకింకేమీ వద్దప్పా, సముద్రం మాత్రం చూపించల్ల" అని పెళ్లికొడుకు తండ్రి ఓబులయ్యగారు ముచ్చటపడ్డారు. చూపించి ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? సముద్రం పక్కన కూర్చోబెట్టి భోజనం పెడతానన్నాను. ఊరి చివర మా అఖాతం ఒడ్డున, ఇసుక మీద పందిరి వేయించాను.

ముందుజాగ్రత్త తీసుకోలేదని మాత్రం అనకండి. పోర్టులో పనిచేసే స్నేహితుడి దగ్గర ఆటుపోట్ల పట్టిక అడిగి తెచ్చి చూశాను. నీరు ఒడ్డుకు ఎక్కడాన్ని మావైపు పోటు అంటారు, వెనక్కి తీయడాన్ని పాటు అంటారు. విందు వేళకు పాటు అని పట్టికలో స్పష్టంగా ఉంది. అచ్చయిన ప్రతిదాన్నీ నమ్మడం తెలుగు మాస్టర్ల వృత్తిదోషం. పొద్దుటినుంచీ ముసురు పట్టి తూర్పుగాలి కొడుతుంటే, "విందుకు చల్లగా ఉంటుంది" అని సంతోషించాను కూడా.

రెండో వడ్డన నడుస్తుండగా నీరు పందిట్లోకి వచ్చింది. కంగారేమీ లేకుండా, కాస్త ఆలస్యమైన చుట్టంలాగా వచ్చింది. ఓబులయ్యగారి విస్తరి ఆయన ఎదుటినుంచి మెల్లిగా లేచి, వంకాయకూరతో సహా మా మేనమామ వైపు సాగిపోయింది. మేనమామ మర్యాదస్తుడు, ఎదురొచ్చిన విస్తరిని కాదనలేదు. పందిరి బయట విడిచిన ఓబులయ్యగారి కొత్త చెప్పులు జోడుగా, చిలకాగోరింకల్లాగా, అఖాతంలోకి వెళ్లిపోయాయి. ఆయన పంచె మోకాళ్ల పైకి పట్టుకుని, పిక్కల్లోతు నీళ్లలో నిలబడి, నన్నొక ప్రశ్న అడిగారు.

"ఏమప్పా, ఈ సముద్రానికి పత్రిక ఎవరిచ్చినారు?"

మర్నాడు వట్టికాళ్లతో రైలెక్కుతూ, "మీ ఊర్లో ఇంక కాలు పెట్టను" అని శపథం చేశారు. ఆ పెళ్లిలో సముద్రానికి దక్కినవి పోటూ పాటూ, నాకు దక్కినవి తలపోటూ పొరపాటూ.

ఆ మాట అక్కడితో పోయేదే. ఏడాది తిరక్కుండా రాజ్యం కడుపుతో ఉందని తెలిసింది. తొలిపురుడు పుట్టింట్లో కావాలి గదా? తార్నాకనుంచి కబురు వచ్చింది: పంపేది లేదు, నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియని ఊరికి చూలాలిని పంపడమేమిటి అని. ఆనాటినుంచి మా అమ్మ కంచం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతోంది. "పందిరి నువ్వు వేశావు, పిల్లను నువ్వే తీసుకురా" అంది. ఇంట్లో ఏడో నెల సరుకులు సిద్ధం. కార్తీకమాసంలో, ఒక డబ్బాడు కాజాలతో, నేను హైదరాబాదు బయలుదేరాను.

ఎత్తెక్కిన రైలు

కాజాలకు పాకం ఎంత నిండుగా ఉంటుందో మావాళ్లకు తెలుసు. రైలు కుదుపుకు అది డబ్బా దాటుతుందని మాత్రం నాకు బెజవాడ దాటాక తెలిసింది. చీమలకు నాకంటే ముందే తెలిసింది. ఎదుటి బల్లమీద వరంగల్లు వెళ్లే మిర్చి వ్యాపారి తన మూట పైకెత్తుకుని, "సారూ, మీ చీమలు నా మూటలకొస్తున్నయ్. గా డబ్బల ఏమున్నదో చూపెట్టుండ్రి, నేను సుత తింట, అయి సుత తింటయ్" అన్నాడు.

రెండు తిని, మూడోదాన్ని వెలుతురుకు పట్టుకుని నలువైపులా తిప్పి చూశాడు. "దీన్లకు రసం ఎట్ల పోసిన్రు? బొక్క కనవడదాయె!"

ఈ ప్రశ్నకు కాకినాడలో పుట్టిన నేనే జవాబు చెప్పలేకపోయాను. సముద్రం గురించి కూడా నా పరిస్థితి ఇదేనని అప్పుడు నాకు తోచలేదు.

దారి పొడుగునా నాకో కొత్త వినోదం దొరికింది. ప్రతి స్టేషను బోర్డు మీదా సముద్ర మట్టానికి ఎంత ఎత్తో రాసి ఉంటుంది. ఇన్నాళ్లూ చూశాను గాని చదవలేదు. సామర్లకోట దగ్గర ఆ అంకె పిల్లవాడి మార్కుల్లా ఉంది. కాజీపేట దాటేసరికి ఫస్టు క్లాసు. సికింద్రాబాదులో అయిదువందల మీటర్ల పైచిలుకు! ఒక్కొక్క స్టేషన్ దాటుతున్నకొద్దీ నాకు ధైర్యం పెరిగింది. నా పరువు తీసిన సముద్రం అంతకంతకు కిందికి పోతోంది. ఇక్కడికి అది రాలేదు గదా అనుకున్నాను. పాఠకులు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

తార్నాక

సికింద్రాబాదులో రిక్షా ఎక్కి చిలకలగూడ మీదుగా తార్నాక చేరాను. మా ఊళ్లో రిక్షావాడు దారిలో కుటుంబ వివరాలడుగుతాడు, ఇక్కడి రిక్షావాడు తనవి చెబుతాడు. వారాసిగూడలో ఉంటాడనీ, అక్కడ ఇళ్లు ఎంత ఇరుకంటే పక్కింటివాళ్లు తాలింపు వేస్తే వీళ్లింట్లో తుమ్ములొస్తాయనీ నాకు దిగేలోపలే తెలిసిపోయింది.

ఓబులయ్యగారు విశ్వవిద్యాలయం ఆఫీసులో సూపరింటెండెంటు. డాబా ఇల్లు, ముందు రెండు దానిమ్మ చెట్లు. వసారాలో పడక కుర్చీలో ఉన్నారు. నన్ను చూసి లేచారు గాని, నా భుజం మీదుగా వీధిలోకి తొంగి చూశారు.

"రాప్పా రా. ఒక్కడివే వచ్చినావా, తోడు దాన్ని కూడా పిల్చుకొచ్చినావా?"

"దేన్ని మామయ్యగారూ?"

"అదేప్పా, సముద్రాన్ని!"

లోపలినుంచి వియ్యపురాలు ఈశ్వరమ్మగారు నవ్వు ఆపుకుంటూ నీళ్లిచ్చారు. మా బావ రమణ ఆఫీసు పనిమీద కర్నూలు వెళ్లాడట. అంటే నాకున్న ఒక్క ఓటూ ఊళ్లో లేదు. రాజ్యం గుమ్మం దగ్గర నిలబడి, "అన్నయ్యా, అమ్మ ఎలా ఉంది?" అంది. మొహం నిండుగా ఉంది గాని కళ్లు సామాను వైపే ఉన్నాయి, ఎంతసేపట్లో సర్దుకోవచ్చా అన్నట్టు.

ఉదయం ఫలహారానికి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. బొరుగుల్ని తడిపి పోపు పెట్టి ఇంత రుచి చేయవచ్చని మావాళ్లకు తెలియదు. మధ్యాహ్నం సంగటి, చెనిక్కాయల పచ్చడి. మేం వేరుశనగ అంటామంటే ఈశ్వరమ్మగారు, "ఏ పేరైతేనేం, ఇంకొంచెం ఏసుకో" అని తీర్పు చెప్పారు. పెట్టడంలో లోటు లేదు. పంపడంలోనే వచ్చింది చిక్కు.

"చూడప్పా" అన్నారు ఓబులయ్యగారు, చేయి కడుక్కొని. "నాకు మీమీద కోపం లేదు. మీ అమ్మ మంచి మనిషి. అయితే ఆ పొద్దు నీళ్లు ఎందుకొచ్చినాయో నువ్వు చెప్పలేకపోతివి. పుస్తకంలో రావని ఉండాదంటివి. వచ్చినాయి. మళ్లీ ఎప్పుడొస్తాయో చెప్పలేవు. పురుటి బిడ్డను పెట్టుకుని నా కోడలు మంచమెక్కి కూచోవల్లనా?"

"మా ఇల్లు ఒడ్డుకు చాలా దూరం మామయ్యగారూ..."

"పందిరి కూడా దూరమేనంటివి!"

ఆయన కొంచెం మెత్తబడి, "మా వర్సిటీలో చదువుకున్నోళ్లు శానామంది ఉండారు. తెలిసినోళ్లను పట్టుకో. ఆ నీళ్లు ఎందుకొచ్చినాయో, మళ్లీ ఎప్పుడు రావో, నా ముందర చెప్పించు. పంపిస్తా" అన్నారు.

రాజ్యం నాకు మజ్జిగ పోస్తూ చెవి దగ్గర, "ఎవర్నయినా పట్టుకురా అన్నయ్యా. ఈ ఇంట్లో కుండ పొంగినా, కుళాయి కారినా, అందరూ నవ్వుతూ నా వైపే చూస్తారు" అంది.

క్యాంపస్‌లో 'బే' అన్న పాపం

తార్నాకనుంచి విశ్వవిద్యాలయానికి నడిచే వెళ్లవచ్చు. రోడ్డుకు అటూ ఇటూ బండరాళ్లు ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. పడతాయేమోనని నేను వాటి పక్కనుంచి పరుగు నడక నడిచాను. అవి ఎన్నో యుగాలుగా పడలేదనీ, నా కోసం ఇప్పుడు పడవనీ తర్వాత చెప్పారు. ఎదురుగా గులాబీరంగు రాతి భవనం. ఆ మెట్లు, ఆ కమాను చూసి నా చేయి దానంతట అదే చొక్కా గుండీలు సర్దింది. అంత ఎత్తు గుమ్మంలోకి వెళ్లేవాడికి ఎంతో కొంత తెలిసి ఉండాలనిపిస్తుంది.

ఒక బండమీద నలుగురు విద్యార్థులు కూర్చుని చదువుకుంటున్నారు. మా పోర్టు స్నేహితుడు మా అఖాతాన్ని ఎప్పుడూ 'బే' అనే అంటాడు. పట్నంవాళ్ల దగ్గర ఇంగ్లీషు మాట వాడితే గౌరవంగా ఉంటుందనుకున్నాను. దగ్గరికి వెళ్లి, గొంతు సవరించుకుని, "బాబూ! బే..." అని, తర్వాతి మాట కోసం ఒక్క క్షణం ఆగాను.

ఆగకూడదు. ఒకతను పుస్తకం మూసి దిగాడు.

"ఏంది? ఎవర్ని బే అంటున్నవ్?"

"నిన్ను కాదు బాబూ. కాకినాడ బే."

"కాకినాడ అయితేంది, ఏదయితేంది! గీడికొచ్చి బే అంటే ఊకుంటమా?"

హైదరాబాదులో 'బే' అన్నది తగవుకు ముందు వచ్చే మాట అని నాకెలా తెలుసు? పుట్టిన దగ్గర్నుంచి బే పక్కనే బతికాను, ఎవరూ చొక్కా పట్టుకోలేదు. ఆ పక్కనే సైకిలు మీద పోతున్న ఒకాయన కాలు కింద పెట్టి ఆగి, సంగతి విని, నవ్వు ఆపుకోలేక హ్యాండిల్ మీద వాలిపోయాడు. "అరే, ఆయన ఖాడీ గురించి అడుగుతున్నడు రా! సముద్రం ఖాడీ! పోండ్రి, చదువుకోండ్రి" అని వాళ్లను పంపేశాడు.

ఆయనే యాదగిరిగారు, భూగోళశాస్త్రం లెక్చరరు. సొంతూరు నల్లగొండ జిల్లాలో, వ్యవసాయ కుటుంబం, ఇప్పుడు లాలాపేటలో కాపురం. నా గోడంతా నిలబడే విని, "విస్తారాకులు తేలినయా? నిజంగ?" అని రెండుసార్లు అడిగాడు. ఆయన కళ్లలో జాలికి బదులు ఆశ కనిపించింది. "పా సార్, చాయ్ తాగుకుంట మాట్లాడుదం."

సాసర్లో కాకినాడ

తార్నాక చౌరస్తాలో ఇరానీ హోటలు. పాలరాతి బల్లలు, ఉప్పగా తియ్యగా ఉండే బిస్కట్లు. మావైపు కాఫీని గ్లాసులోకి ఎత్తుగా ఆరబోస్తారు, ఇక్కడ చాయ్‌ని సాసర్లో పోసి ఊదుకుంటూ తాగుతారు. ఒక చాయ్ తాగడానికి పట్టే సమయంలో మా ఊళ్లో ఒక పంక్తి భోజనం లేచిపోతుంది. ఎవరూ లేవమనరు.

"మీ పట్టిక తప్పు గాదు సార్" అన్నాడు యాదగిరిగారు. "గది చంద్రుడు ఎంత గుంజుతడు, సూర్యుడు ఎంత గుంజుతడు, గా లెక్క. ఎన్నేండ్ల ముందుగాలయిన చెప్పచ్చు. గాని మీ చెల్లె పెండ్లినాడు గాలి ఎట్ల కొడ్తదో గా పుస్తకం అచ్చేసినోనికి ఎట్ల ఎరుక?"

తన సాసరు నా వైపు జరిపాడు. "మీ ఖాడీ ఎట్లుంటది?"

ఒకవైపు ఊరు, ఒకవైపు గోదావరి పాయలు తెచ్చి పోసిన బురద, ఎదురుగా పొడుగాటి ఇసుక తిన్నె, లోతు తక్కువ అని చెప్పాను.

"అంటె ఇదే!" అని సాసరు వైపు వేలు పెట్టి, ఒక పక్కనుంచి గట్టిగా ఊదాడు. చాయ్ అంతా ఎదుటి అంచుకు ఎగబాకింది. ఆ ఎదుటి అంచు నావైపుది. నా తెల్లని చొక్కా మీద కాకినాడ తీరరేఖ ఏర్పడింది. ఆయన క్షమించమని కూడా అడగలేదు, అంత ఉత్సాహంలో ఉన్నాడు.

"చూసిన్రా? లోతు బాగున్న కాడ గాలి నూకిన నీళ్లు కిందికెల్లి మర్ల వాపసు పోతయ్. లోతు లేని ఖాడీల వాపసు పోనీకె జాగ ఏది? ఒడ్డుకు కుప్ప పడతయ్. పాటు టైమయినా సరే, పోటు లెక్క కనవడతది."

"అయితే ఆ వేళ తూర్పుగాలి..."

"గదొక్కటే గాదు. ముసురున్నదన్నరు గద?" పక్క బల్లమీద ఎవరో కూల్‌డ్రింకు తాగి వదిలిన కాగితం గొట్టం తెచ్చాడు. నన్ను నీళ్లగ్లాసులో పెట్టి పీల్చమన్నాడు. పీల్చాను. "మీరు గుంజిన్రనుకుంటున్నరు. గాదు! మీరు గొట్టంల గాలి తక్కువ చేసిన్రు. బయటి గాలి బరువుకు నీళ్లు లోపటికి ఎక్కినయ్. అల్పపీడనం అంటె గంతే. సముద్రం మీద ఒక కాడ గాలి బరువు తగ్గితె, గాడ నీళ్లు ఉబ్బుతయ్. ఒక్క మిల్లీబారు తగ్గితె ఒక్క సెంటీమీటరు."

"సెంటీమీటరేనా?"

"ఇర్వై తగ్గితె జానెడు గాదా? జానెడంటె విస్తారాకు తేలదా?"

అల్పపీడనం అనే మాటకు నేను పిల్లల చేత విగ్రహవాక్యం చెప్పించాను. అల్పమైన పీడనం. అది నన్నింత అధికంగా పీడిస్తుందని ఏ వ్యాకరణం చెప్పింది? నా ఆనందం పట్టశక్యం కాలేదు. ఏడాదిగా నన్ను తింటున్న ప్రశ్నకు ఒకటి కాదు, జవాబుల మీద జవాబులు వస్తున్నాయి. గాలి ఒకటి. పీడనం ఒకటి. పైనుంచి దిగిన గోదావరి వరద ఒకటి.

"ఇంకొకటున్నది" అన్నాడాయన. "వానకాలం పోయినంక మీ దిక్కు సముద్రమే జర ఎత్తుల ఉంటది. ఎచ్చటి నీళ్లు, నది నీళ్లు. తేలికయి ఉబ్బి ఉంటయ్. మీరు సరిగ్గ గప్పుడే పందిరేసిన్రు. అదే మాఘం, ఫాల్గుణం అనుకోండ్రి. నది సన్నవడ్తది, నీళ్లు సల్లవడ్తయ్, తుపాన్లుండయ్. సముద్రం ముడుసుకుంటది. ఏడాదిల గప్పుడే అన్నిటికన్న కింద ఉంటది."

"మాఘం!" అని నేను లేచి నిలబడ్డాను. బల్ల కదిలి రెండో సాసరు కూడా పొంగింది. "మా రాజ్యానికి నెలలు నిండేది మాఘంలోనే!"

హోటల్లో అందరూ నావైపు తిరిగారు. కౌంటరు దగ్గరి ముసలాయన ముబారక్ అన్నాడు.

యాదగిరిగారు మా ఇల్లు ఎక్కడుందో, అరుగు ఎంత ఎత్తో అడిగాడు. ఆ అరుగు ఎక్కడానికి మా అమ్మ మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంటుందన్నాను. పెద్ద తుపాన్లలో కూడా నీరు గడప దాకా రాలేదని మా తాతగారు చెప్పేవారన్నాను. "ఇంకేం భయం! నేనొచ్చి చెప్త" అన్నాడు.

అప్పుడు అడిగాను, "మీరు సముద్రం చూసి ఎన్నాళ్లయింది?"

ఆయన మిగిలిన చాయ్ వైపు చూశాడు. "చూడలే సార్. పటంల చూసిన. మా ఊర్ల బాయి నీళ్లు చూసిన."

నేను రోజూ చూసి తెలుసుకోలేదు, ఆయన తెలుసుకుని చూడలేదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషికి సరిపడా జ్ఞానం ఉంది. ఆ మాటే ఆయనతో అంటే, బల్ల గుద్ది నవ్వాడు. బల్లమీది మూడో సాసరు గురించి ఇక రాయను.

వెన్నెల భోజనాలు

ఓబులయ్యగారు నా మాట విని, "మంచిది. కార్తీక పున్నమికి మిద్దె మీద వెన్నెల భోజనాలు పెట్టుకుంటాండాం. ఆ సారును అన్నానికి పిలువు. నా ముందర చెప్పల్ల, నేను ప్రశ్నలడగల్ల" అన్నారు.

పున్నమి పొద్దున రేడియో వార్తల్లో బంగాళాఖాతంలో వాయుగుండం తీరం దాటుతోందని చెప్పారు. నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. పోయినేడు ఇదే వార్త వచ్చి ఉంటుంది, నేను పందిరి గుంజలు పాతించే హడావుడిలో ఉన్నాను. యాదగిరిగారి దగ్గరికి పరుగెత్తాను. గుండం లోపలికి వస్తే సాయంత్రానికి ఇక్కడ వాన పడవచ్చన్నాడు. వచ్చి ఓబులయ్యగారికి చెప్పాను.

ఆకాశం నీలంగా, అమాయకంగా ఉంది. ఆయన దాన్ని చూపించి, "చూడప్పా, మా తార్నాకకూ మీ సముద్రానికీ ఏమి సంబంధం? అయిదొందల మీటర్లు మెట్లెక్కి వస్తాదా?" అన్నారు.

"మామయ్యగారూ, వసారాలో పెట్టుకుంటే..."

"ఇసుకమీద భోజనం పెట్టినోడివి, నాకు మిద్దెమీద వద్దంటావా?"

రాజ్యం నన్ను పక్కకు లాగింది. "అన్నయ్యా, ఇవాళ వాన పడకూడదు. ఇక్కడ కూడా నీళ్లు తెచ్చావంటారు. ఇంక ఈ జన్మకు నన్ను పంపరు." నేను వాన పడాలని కోరుకోవాలో వద్దో తెలియక, గొడుగు తీసుకుని మిద్దె ఎక్కాను. వెన్నెలకు గొడుగేమిటని అందరూ నవ్వారు.

చుట్టూ పిట్టగోడ, ఒక మూల నీళ్లు పోయే తూము. పైమెట్టు మీద అందరూ చెప్పులు విడిచారు. ఓబులయ్యగారివి మళ్లీ కొత్తవి, పోయినవాటికంటే ఖరీదైనవి. చంద్రుడు బాగానే వచ్చాడు. పడమటి మూలన, చల్లగా ఉంటుందని, ఓబులయ్యగారు కూర్చున్నారు. బొబ్బట్లు, చిత్రాన్నం వడ్డించారు. యాదగిరిగారు చెప్పడం మొదలుపెట్టాడు. గాలి దగ్గరికి వచ్చేసరికి గాలి వచ్చింది. పీడనం దగ్గరికి వచ్చేసరికి చంద్రుడు పోయాడు. గోదావరి దగ్గరికి వచ్చేసరికి వాన కుమ్మరించింది.

మొదటి ఊపుకే ఒక అరిటాకు ఎగిరిపోయి తూముకు అడ్డం పడింది. మిద్దె నిండింది. తూర్పునుంచి కొట్టే గాలికి నీరంతా పడమటి మూలకు, సరిగ్గా ఓబులయ్యగారి దగ్గరికి చేరింది. ఆయన విస్తరి మెల్లిగా లేచింది. బొబ్బట్టుతో సహా నావైపు బయలుదేరింది. మేనమామ నేర్పిన మర్యాద నాకు గుర్తుంది.

యాదగిరిగారు లేచి, ప్యాంటు పైకి మడిచి, నీళ్లలో నిలబడి అరిచాడు. "కుప్ప పడ్డది! చూడుండ్రి! గీ మూల ఎక్కువ, గా మూల తక్కువ! సాసర్ల లెక్కనే! అరె వా, ఖాడీ!" దోసెడు నీళ్లు తీసుకుని చప్పరించాడు. "ఉప్పు లేదు, గంతే తేడా!" జీవితంలో మొదటిసారి సముద్రం చూసిన మనిషి సంతోషం అది. అంత వానలోనూ నాకు ముచ్చటేసింది.

పిట్టగోడ ఆపిన నీటికి మెట్లు దొరికాయి. నీళ్లు జలజలా దిగాయి. చెప్పులన్నీ దిగాయి.

ఓబులయ్యగారు పంచె మోకాళ్ల పైకి పట్టుకుని, పిక్కల్లోతు నీళ్లలో నిలబడ్డారు. అదే భంగిమ. నేను గొడుగు విప్పి, దగ్గరికి వెళ్లి, ఆయన తలమీద పట్టి, వీలైనంత వినయంగా అడిగాను.

"మామయ్యగారూ, ఈ సముద్రానికి పత్రిక ఎవరిచ్చారు?"

రాజ్యం కొంగు నోట్లో కుక్కుకుంది, ఏడుపో నవ్వో తెలియలేదు. ఆయన నన్ను చూశారు, తేలుతున్న విస్తళ్లను చూశారు. మీసంలోంచి నీళ్లు కారుతుండగా, పొట్ట కదిలింది ముందు, తర్వాత నవ్వు వచ్చింది.

"మనం ఇచ్చేదేంది అప్పా! అదే పంపించింది పత్రిక. పొద్దున రేడియోలో వస్తే నువ్వు చదివి వినిపిస్తివి. నేనే తీసుకోకపోతిని."

కింద వసారాలో తల తుడుచుకుంటూ యాదగిరిగారిని ఒకే ప్రశ్న అడిగారు. "మాఘంలో ముడుచుకుంటాదంటిరే, నిజమేనా సారూ?"

"ముడుసుకుంటది సార్. తుపాను వస్తె గిస్తె రేడియో చెప్తది. ఇంటి అరుగు గూడ ఎత్తుల ఉన్నది."

"ఈశ్వరమ్మా, పిల్లకు సామాన్లు సర్దు" అన్నారు. వెంటనే నావైపు తిరిగి, "నేను మాత్రం మీ ఊర్లో కాలు పెట్టను. మాటంటే మాటే" అన్నారు.

చెప్పవలసిన సంగతి

వాన వెలిశాక అందరం చెప్పుల వేటకు వెళ్లాం. అందరివీ దొరికాయి. ఓబులయ్యగారివి తప్ప. గేటు పక్క కాలవలో, దానిమ్మ కొమ్మకు తగులుకుని, ఆయన కుడి చెప్పు నాకు దొరికింది. చేతిలో గొడుగు మూసి ఉంది. గొడుగులో చోటుంది. అంతకుమించి నేను ఆలోచించలేదు.

"కనపడిందా అప్పా?" అని ఆయన వసారానుంచి కేకేశారు.

"ఎడమది కనపడలేదు మామయ్యగారూ!" అన్నాను. తెలుగు మాస్టర్ని, అబద్ధం ఆడను.

రాజ్యం ఇప్పుడు మా అరుగుమీద కూర్చుని కాజాలు తింటోంది. మా అమ్మ కంచం ఖాళీ చేస్తోంది, మళ్లీ వడ్డించమంటోంది. నేను రోజూ పోర్టు పట్టిక చూస్తాను, తర్వాత రేడియో వింటాను, తర్వాత అరుగు దిగి గాలి ఎటుందో చూస్తాను. సముద్రం ఇంకా ముడుచుకోలేదు గాని, ఆ ప్రయత్నంలో ఉంది.

ఓబులయ్యగారికి ఎవరో కొంచెం ఉప్పందించినట్టున్నారు. రాజ్యమే అయి ఉంటుంది. మొన్న మా బావ వచ్చినప్పుడు ఆయన మాటగా అడిగాడు: "నా చెప్పు నీ దగ్గరుందా? ఉంటే చెప్పు."

చెప్పు సంగతి చెప్పనన్నాను. మనవణ్ణో మనవరాలినో చూడ్డానికి వచ్చినప్పుడు స్వయంగా తొడుగుతానన్నాను. అది మా ముందుగది గూట్లో, ఆటుపోట్ల పట్టిక పక్కన, కొబ్బరినూనె రాసి పెట్టి ఉంది. మా ఊళ్లో కాలు పెట్టనని ఆయన రెండుసార్లు శపథం చేశారు. చెప్పు పెట్టనే పెట్టారు. ఇక కాలు రావడమే తరువాయి.